ముని ఏం తప్పు చేసిండు?

కోరుట్ల,
11-2-1980

చిరంజీవి ఇంద్రకు,

మామ జలపతి ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న చేరింది. "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టావు. పదో తరగతి దాకా నీకు తెలుగు చెప్పింది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది బిడ్డా! సంగతులు రాయి. క్షేమమో కాదో చదివేవాళ్లకు తెలియకపోదు.

అసలు సంగతేమో సంతకం పక్కన, చీమ తలకాయంత అక్షరాలతో ఇరికించావు, "మూడో నెల" అని. నేను చూడనే లేదు. మీ గంగత్తమ్మకు చదువు రాదు కదా, అయినా కాగితం తిప్పి చూసి "గా మూలకు ఏందో రాసింది సూడు, పిల్ల ముఖ్యమైన ముచ్చట ఎప్పుడు మూలకే రాస్తది" అంది. చదివి చెప్పాక ఆమె చేసిన హడావుడి ఏం చెప్పను. అప్పుడే పాత చీరలు తీసి బొంతకు లెక్క చూసుకుంటోంది. మా అక్క బతికుంటే ఈ సంబరం ఆమెది. ఆమె పోయాక నువ్వు పెరిగింది ఈ ఇంట్లోనే కాబట్టి నీ పుట్టినిల్లు ఇదే. ఏడో నెలలో నేనే వచ్చి తీసుకొస్తాను. తొలి పురుడు ఇక్కడే.

ఇక నా స్వార్థం. ఉత్తరం మధ్యలో నువ్వు ఒక మాట రాశావు. "ఇంటికి ఎవరొచ్చినా మన్నన చెయ్యి, మన్నన చెయ్యి అని మా అత్త నా ప్రాణం తోడేస్తుంది" అని. అది చదివి కుర్చీలోంచి లేచాను. పాత కావ్యాల్లో రాజులు కవులకు చేసేది, ఇల్లాలు అతిథికి చేసేది మన్నన. మర్యాదే, కానీ మర్యాదకంటే కాస్త మెత్తన. మర్యాద పైకి కనిపిస్తే చాలు, మన్ననకు మనసు కావాలి. ఇప్పుడది సభల్లో "ప్రజల మన్ననలు పొందిన" అని పొగిడేటప్పుడు తప్ప ఎవరి నోటా రాదనుకున్నాను. మీ అత్త లసుమవ్వ అక్షరం ముక్క రాకుండా దాన్ని రోజూ వాడుతోంది! పాత మాటలు రాసుకునే నా నోటుబుక్కు నీకు తెలుసు కదా. ఆమె ఆ మాట ఎప్పుడు, ఎవరితో, ఎలా అంటుందో ఉన్నదున్నట్టు రాసి పంపు.

ఆరో తరగతిలో నువ్వడిగిన ప్రశ్నకు క్లాసంతా నవ్వింది, గుర్తుందా? ఏటా కొత్త పిల్లలకు ఆ ముచ్చట చెబుతూనే ఉన్నాను. ప్రశ్న అడిగే పిల్ల దొరకడం పంతులుకు అదృష్టం.

మీ ఆయన ఎలా ఉన్నాడు? ఇంకా ఆ మరమగ్గాల షెడ్డులోనేనా?

ఇట్లు,
నీ తప్పులు దిద్దుతూనే ఉండే
మామ


సిరిసిల్ల,
24-2-1980

మామయ్యకు,

క్షేమం గురించి రాయడం లేదు, మీరే తెలుసుకోండి. పొద్దున లేస్తే వాంతులు. చింతచిగురు వాసన తప్ప ఏదీ పడటం లేదు. గంగత్తమ్మకు చెప్పండి, ఎండబెట్టినదైనా సరే ఎవరి చేతనైనా పంపమని.

మా అత్త మాట గురించి అడిగారు. ఆమె ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా, నూలు తెచ్చినవాడైనా, భిక్షానికి వచ్చినవాడైనా, ముందు పీట వేయాలి. నీళ్లివ్వాలి. ఆ నీళ్లు తాగేదాకా పేరు అడగకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఎవరినో "ఎవరు మీరు?" అని గుమ్మంలోనే అడిగాను. ఆ మనిషి పోయాక ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "ముందుగాల మన్నన చెయ్యాలె బిడ్డా. పేరడిగి నీళ్లిస్తె గా నీళ్లు పేరుకిచ్చినట్టు. మనిషికిచ్చినట్టు గాదు." ఉన్నదున్నట్టు రాశాను, ఒక్క అక్షరం దిద్దలేదు. మీరు కూడా దిద్దకండి.

ఇంకొక మాట. మీరు "మీ ఆయన" అని రాశారు. ఆయనకో పేరుంది, నర్సింగం. పెళ్లయి రెండేళ్లయినా మీ ఉత్తరాల్లో ఆ పేరు నాకు కనిపించలేదు. నేను టీచరు ట్రైనింగుకు పోకుండా షెడ్డులో బట్ట నేసే సాంచె నడిపే మనిషిని చేసుకున్నానని మీకు కష్టంగా ఉందని తెలుసు. పెళ్లి పీటల మీద అల్లుడి కాళ్లు కడిగే వేళకు మీకు నడుం పట్టేసింది, చిన్నమామ కడిగాడు. అప్పుడు నమ్మాను. భోజనాల దగ్గర మీరు వంగి వంగి వడ్డిస్తుంటే మాత్రం నడుం ఎప్పుడు బాగైందా అనుకున్నాను. కోపంతో రాయడం లేదు మామయ్యా. మీరు పెట్టిన అన్నం, చెప్పిన చదువు నా ఒంట్లో ఉన్నాయి. కానీ ఆయన మీ ఉత్తరం వచ్చిందంటే చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంటాడు, చదివి వినిపించమని. తన పేరు ఎప్పుడొస్తుందా అని వింటాడేమో అనిపిస్తుంది. నేనే మధ్యలో "నర్సింగం కులాసానా" అని కల్పించి చదువుతున్నాను.

ఏడో నెలలో రండి. వచ్చి ఆయన్ను అడిగి తీసుకుపొండి.

మీ
ఇంద్ర


సిరిసిల్ల,
3-5-1980

మామయ్యకు,

ఈ ఉత్తరం బీడీ ఆకు బేరానికి కోరుట్ల వస్తున్న సారయ్య చేతికిస్తున్నాను. టపాలో వేయడానికి భయం. మా వాడకు వచ్చే ఉత్తరాలన్నీ బంక ఊడిపోయి, మళ్లీ అంటించి వస్తున్నాయి.

ఆయన్ను పోలీసులు పట్టుకుపోయారు. భయపడకండి, తిరిగొచ్చారు. పదకొండు రోజులు.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఎండకు మొహాలు మాడిపోయి ఉన్నాయి, ఒకడికి జ్వరం. అత్త పీట వేసింది. ఆయన నీళ్లిచ్చి, తన కోసం ఉంచిన జొన్న గట్క వాళ్లకు పెట్టాడు. తిన్నారు, దండం పెట్టి పోయారు. పేర్లు మా ఇంట్లో ముందు అడగరు కదా, తర్వాత అడిగేంత సేపు వాళ్లు కూర్చోలేదు. వాళ్లు అడవిలో తిరిగే అన్నలని రెండు వారాల తర్వాత పోలీసులొచ్చి చెబితే తెలిసింది.

ఎక్కడికి తీసుకుపోయారో నాలుగు రోజులు తెలియలేదు. వాళ్లడిగింది ఒకటే. "పక్కింటి ఓదెలు తోలుకొచ్చిండని చెప్పు, ఇప్పుడే ఇంటికి పో." ఓదెలు మీకు తెలుసు, పెళ్లిలో సన్నాయి వాళ్లతో తగువాడిన కుర్రాడు. కూలి రేట్ల కోసం సంఘం మీటింగులకు పోతాడు, అంతే. ఈయన "వాళ్లంతట వాళ్లే వచ్చిండ్రు సార్. ఇంటికొచ్చినోళ్ల పేరడుగుడు మా ఇంట్ల లేదు. లేని పేరు ఎట్ల జెప్పాలె?" అన్నాడట. పదకొండు రోజులూ అదే మాట.

కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. పోగు తెగితే ముడి వేయడానికి ఆ వేళ్లే కావాలి. ఇప్పుడు ఎడమచేత్తో నేర్చుకుంటున్నాడు. షెడ్డు యజమాని మంచివాడు, నెమ్మదిగా చెయ్యమన్నాడు. వాడలో సగం మంది మాత్రం మా గుమ్మం ముందు నుంచి పోవడం మానేశారు. చుట్టం ఒక్కడు రాలేదు. ఆయన మామూలుగానే పనికి పోయి వస్తున్నాడు. నిన్న మాత్రం "కోరుట్ల మామ ఏమన్న రాసిండా?" అని అడిగాడు.

మామయ్యా, మిమ్మల్ని రమ్మనడం లేదు. సర్కారు ఉద్యోగం, మీ ఇబ్బంది నాకు తెలుసు. ఆయనకు ఒక్క మాట రాయండి. నా కోసం కాదు, ఆయన పేరు మీద. చాలు.

ఇంద్ర


కోరుట్ల,
12-5-1980
(పోస్టుకార్డు)

చి. ఇంద్రకు ఆశీస్సులు.

నర్సింగం చేసినదంతా విన్నాను. ఆయన్ను నేను మనసారా మన్నించాను. మీ గంగత్తమ్మ కూడా మన్నించింది. ఈ మాట లసుమవ్వగారికి తప్పక చదివి వినిపించు. ఆరో తరగతి పాఠాలు మరచిపోవద్దు. ఎండలో తిరగకు.

జలపతి


సిరిసిల్ల,
20-5-1980

మామయ్యకు,

కార్డు అందింది. మూడుసార్లు చదివాను, తప్పు చదివానేమోనని.

ఏం తప్పు చేశాడని ఆయన్ను మన్నించారు? దాహానికి నీళ్లిచ్చినందుకా? పక్కింటివాడి పేరు అమ్ముకోనందుకా? వేళ్లు పాడై ఇంటికొచ్చిన మనిషికి ఒక్క మంచిమాట అడిగితే మీరు క్షమాభిక్ష పంపారు, అదీ వాడంతా చదివేలా కార్డు మీద. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. గంగత్తమ్మ కూడా మన్నించిందట! ఆమె చేత కూడా ఈ మాట అనిపించారా?

ఆయనకు చూపించలేదు. "మామ ఏం రాయలేదు" అని అబద్ధం చెప్పాను. ఆయన "పంతులు గదా, భయముంటది" అన్నాడు, మీ తరఫున! మా అత్తకు చదివి వినిపించమన్నారు కదా, ఆమెకు ఆ శిక్ష ఎందుకు? కార్డును నూలు కండెల బుట్ట అడుగున పడేశాను.

మీరు ఆయన్ను మొదటి నుంచీ తక్కువగానే చూశారు. ఇన్నాళ్లూ అది నడుం నొప్పి అనుకుని సర్దుకున్నాను. ఏడో నెలలో రానక్కరలేదు. పురుడు ఇక్కడే పోసుకుంటాను. మా అత్తకు చేతనవును.

ఇంద్రమ్మ


కోరుట్ల,
2-6-1980

చి. ఇంద్రకు,

నీ ఉత్తరం చూసి మూడు రోజులు అన్నం సయించలేదు. ఏం రాయాలో తెలుసు, ఎలా రాయాలో తెలియడం లేదు. ఈ ఉత్తరం నీకంటే ముందు ఎవరు చదువుతారో ఆ దేవుడికే ఎరుక, కాబట్టి వాతావరణం గురించి రాస్తాను. ఇక్కడ ఒక వాన పడింది. బడులు తెరవబోతున్నారు. నన్ను మల్లాపూర్‌కు బదిలీ చేస్తారని ఒక మాట వినిపిస్తోంది.

కార్డులో రాసిన దాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. మనసారా అన్నాను, మనసారానే. దాన్ని లసుమవ్వగారికి చదివి వినిపించమన్నాను. వినిపించలేదన్నావు. వినిపించు, చేతులు పట్టుకుని అడుగుతున్నాను. ఇంకొకటి, ఆరో తరగతిలో వెనక బల్ల నుంచి లేచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న గుర్తు తెచ్చుకో. నేను నీకు ఏం చెప్పానో కూడా గుర్తు తెచ్చుకో.

ఏడో నెల దాటనివ్వకు. మీ గంగత్తమ్మ బొంత కుట్టడం ఆపేసి కూర్చుంది.

మామ


సిరిసిల్ల,
19-6-1980

జలపతి సారుకు,

మీరు నాకు చదువు చెప్పిన సంగతి మరచిపోలేదు. ఆరో తరగతి అని రెండుసార్లు గుర్తు చేశారు. చేసిన ఉపకారం ఇలా పనిగట్టుకుని గుర్తు చేసే అలవాటు మీకు లేదనుకున్నాను.

ఏడో నెల నిండింది. ఎనిమిదో నెలలో గడప దాటకూడదంటారు. కాబట్టి ఇక రాకపోకల మాట లేదు. గంగత్తమ్మను బాధపడవద్దని చెప్పండి. ఆమె మీద నాకు కోపం లేదు.

ఇంద్రమ్మ


సిరిసిల్ల,
8-7-1980

మామయ్యా,

మా మామయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. సారయ్య అరుగు మీద కూర్చుని బస్సు టైమవుతోందని తొందర పెడుతున్నాడు. మొన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

అత్త రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. బుట్ట బోర్లించింది, అడుగు నుంచి మీ కార్డు పడింది. "ఏంది బిడ్డా గిది?" అంది. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. కోరుట్ల నుంచి అని చెప్పక తప్పలేదు. "మరి చదువవైతివి?" అంది. ఏం చేస్తాను, చదివాను. "మనసారా మన్నించాను" అనే చోటికి వచ్చాక కార్డు పక్కన పెట్టేశాను. తల ఎత్తి చూస్తే ఆమె కొంగు తల మీదికి లాక్కుని, కార్డు వైపు చేతులు జోడించి కూర్చుంది.

"మల్లొక్కసారి చదువు బిడ్డా" అంది.

"ఎందుకత్తా, తిట్టిన మాట మల్లా వినాల్నా?"

"తిట్టుడేంది? నా కొడుకును మన్నించిండని రాసె గదా మీ మామ. అంత చదువుకున్న పంతులు నా కొడుక్కు మన్నన జేసిండు."

నేను కార్డు తీసి తిప్పి తిప్పి చూస్తున్నాను. ఆమెకు నవ్వొచ్చింది. "చదవేస్తె ఉన్న మతి పోయిందట. మన్నించుడంటె మన్నన జేసుడు గాదా? నువ్వేమనుకున్నవ్?"

అప్పుడు గుర్తొచ్చింది మామయ్యా. ఆరో తరగతి, వెనక బల్ల, గోడకు పెచ్చులూడిన గది. మీరు పాఠం చదువుతున్నారు, "రాజు ఆ మునిని మన్నించి, ఉచితాసనమున కూర్చుండబెట్టెను" అని. నేను లేచి, "ముని ఏం తప్పు చేసిండు సార్, రాజు మన్నించనీకి?" అని అడిగాను. క్లాసంతా పగలబడి నవ్వింది. మీరు కూడా నవ్వి, తర్వాత నా దగ్గరికి వచ్చి చెప్పారు. "పాతకాలంల మన్నించుడంటె గౌరవించుడు బిడ్డా. క్షమించుడనే అర్థం కూడ ఉన్నది. మనిషిని చూసి ఏ అర్థమో తెలుసుకోవాలె." ఆ ప్రశ్ననే నేను మే నెలలో కోపంతో మళ్లీ అడిగాను, "ఏం తప్పు చేశాడని" అంటూ. జవాబు మాత్రం గుర్తుకు రాలేదు. మన్నన దగ్గర పాసయి మన్నించు దగ్గర ఫెయిలయ్యాను. మీరు మనిషిని చూడమన్నారు. నేను ఆయన్ను కాదు, మీ మీది కోపాన్ని చూశాను.

అత్త గుమ్మంలోంచి కేక వేసింది, "ఓ నర్సిగా, ఇటు రా" అని. ఆయన వచ్చాడు. మళ్లీ చదివాను. "నర్సింగం చేసినదంతా విన్నాను" అన్నప్పుడు ఆయన తల ఎత్తాడు. పేరు కల్పించి చదవాల్సిన పని లేకపోయింది మామయ్యా, మీ చేత్తో రాసి ఉంది. ఆయన కార్డు అడిగి తీసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని పనికి పోయాడు. ఏడు వారాలు ఆ మాట ఆయనకు అందకుండా బుట్ట అడుగున దాచింది నేను. అది తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఒక్కటి అర్థం కాలేదు. గౌరవించానని తెలుగులో సూటిగా రాయొచ్చు కదా? మీ అంత పంతులు నా అంత మొద్దుతో ఎందుకు పందెం కాశారు?

నన్ను మన్నించండి. కొత్త అర్థంలో.

మీ
ఇంద్ర


కోరుట్ల,
21-7-1980

ఇంద్రా, తల్లీ,

సారయ్య నీ ఉత్తరం ఇచ్చి మంచినీళ్లు అడిగాడు. ఆ నీళ్లు తెచ్చే ఓపిక కూడా లేకుండా గుమ్మంలోనే నిలబడి చదివాను. పాపం, అతనే లోపలికి పోయి ముంచుకు తాగాడు. లసుమవ్వగారికి ఈ సంగతి చెప్పకు, నా పరువు పోతుంది. అతను మళ్లీ ఇటు వచ్చేదాకా ఆగి, ఈ జవాబు టపాలో వేయకుండా అతని చేతికే ఇస్తున్నాను.

ఎందుకు పందెం కాశానని అడిగావు. విను. మార్చి నెలలో నన్ను జగిత్యాల పిలిపించారు. అంతకు ముందే బడికి సోదాకు వచ్చిన పోలీసులు నా నోటుబుక్కు పట్టుకుపోయారు. ఒక అధికారి దాన్ని ముందు పెట్టుకుని, ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి అడిగాడు. "ఎవరయ్యా ఈ ఎలమి? ఆడా, మగా? ఏ దళం?" ఎలమి అంటే సంతోషమండీ అన్నాను. "మరి ఈ నెయ్యం?" స్నేహమండీ అన్నాను. "మన్నన, లసుమవ్వ, సిరిసిల్ల" అని నువ్వు రాసిందంతా దించుకున్న పేజీ దగ్గర ఆగాడు. పేరు అడగకుండా నీళ్లివ్వాలి అన్న వాక్యం కింద ఎర్ర గీత గీశాడు. పాత కావ్యాలు ఎన్ని చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. చివరికి నా మొహం చూసి, ఇంత అమాయకుడు దేనికీ పనికిరాడని వదిలేశాడు. కానీ అప్పటి నుంచి నాకు వచ్చే ప్రతి కాగితం, పోయే ప్రతి కాగితం ముందు వాళ్లు చూశాకే. మీకు చెప్తే కంగారు పడతారని చెప్పలేదు.

ఏప్రిల్‌లో నర్సింగాన్ని పట్టుకుపోయారని నీ ఉత్తరంలో చదివినప్పుడు నాకు కలిగిన భయం ఇంకొకటి. నా నోటుబుక్కులో ఆ వాక్యం చూసే మీ ఇంటికి వచ్చారేమో! కాదని ఎవరూ చెప్పలేరు, అవునని చెప్పేవాళ్లూ లేరు. ఆ అనుమానం నాతోనే ఉంటుంది.

నువ్వేమో ఆయనకు ఒక్క మాట రాయమన్నావు. సర్కారు పంతులు, అన్నలకు అన్నం పెట్టిన మనిషిని గౌరవిస్తున్నానని రాస్తే ఏమవుతుంది? నా ఉద్యోగం సంగతి అలా ఉంచు, ఆయన్ను మళ్లీ పట్టుకుపోతారు. రాయకపోతే ఆయన మొహం చూడలేను. సారయ్యేమో ఉత్తరం ఇచ్చి అప్పటికే వెళ్లిపోయాడు, టపా తప్ప దారి లేదు. అప్పుడు నీ ఆరో తరగతి ప్రశ్న తట్టింది. పోలీసు చదివితే క్షమించాను అని ఉంటుంది, నా మేనకోడలు చదివితే గౌరవించాను అని ఉంటుంది. కావాలనే కార్డు మీద రాశాను. దాచడానికి ఏమీ లేదని వాళ్లు అనుకోవాలని. ఎంత తెలివి అని రోజంతా మురిసిపోయాను కూడా. మీ గంగత్తమ్మ అప్పుడే అంది, "గంత తిరకాసు ఎందుకు, పిల్ల బాధల ఉన్నది, బాధల ఉన్నోళ్లకు సక్కగ చెప్పాలె" అని. వినలేదు. బాధలో ఉన్న మనిషికి పరీక్ష పెట్టిన పంతుల్ని నేను. తప్పు నీది కాదు. పోలీసు నా అర్థం పట్టుకోలేదు, నువ్వూ పట్టుకోలేదు, అచ్చు అక్షరం ఎరుగని లసుమవ్వగారు ఒక్క వినికిడిలో పట్టుకున్నారు. ముప్పై ఏళ్ల పంతులుద్యోగం ఆమె కాళ్ల దగ్గర పెట్టినా తక్కువే.

ఇక నడుం నొప్పి. అది అబద్ధం. రెండున్నరేళ్లుగా ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు, ఇప్పుడు నీ దగ్గర ఒప్పుకుంటున్నాను. నిన్ను పెద్ద చదువులు చదివించాలని కలలు కన్నాను. సాంచె నడిపే అతని ముందు వంగడానికి నాకు అహం అడ్డొచ్చింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కాను, కడగాల్సిన కాళ్లు మాత్రం ఆయనవి. కావ్యాల్లో మన్నన అన్న మాటకు ముప్పై చోట్ల అర్థం రాసుకున్నాను, పెళ్లి పందిట్లో చెయ్యడం రాలేదు. ఆయన తెలియనివాళ్లకు చేశాడు, దాని ధర కట్టాడు, నా గురించి "పంతులు గదా, భయముంటది" అని నా పరువు కూడా కాపాడాడు. నీకు ఇంత మంచి మనిషి దొరికాడు. నాకు ఇలాంటి అల్లుడు దొరికాడు. ఇది రాస్తుంటే నాకు కళ్లు నిండుతున్నాయి, దాచను.

నేను ఆయన్ను పాత అర్థంలో మన్నించాను. ఆయన నన్ను కొత్త అర్థంలో మన్నించాలి. అది ఉత్తరంలో అడిగేది కాదు. ఆగస్టు పదో తేదీ ఆదివారం, నీకు తొమ్మిదో నెల కదా, పొద్దుటి బస్సుకు వస్తున్నాను. చెంబు, పళ్లెం ఇక్కడి నుంచే తెస్తాను. ముందు నర్సింగం కాళ్లు కడుగుతాను. తర్వాత ఆయన్ను అడిగి నిన్ను తీసుకొస్తాను. ఆయన పంపకపోతే మీ గంగత్తమ్మే బొంత మోసుకుని అక్కడికి వస్తుంది, అదీ ఖాయమే. బదిలీ మాట నిజమైంది. మల్లాపూర్ దూరమేం కాదు, పోయి వస్తాను.

నోటుబుక్కు వాళ్లు తిరిగి ఇవ్వలేదు. కొత్తది కొన్నాను. మొదటి పేజీ ఖాళీగా ఉంచాను.

మామ


సిరిసిల్ల,
1-8-1980

మామయ్యకు,

మీ ఉత్తరం ఇంటిల్లిపాదికీ రెండుసార్లు చదివాను. సారయ్య గుమ్మంలో నీళ్లు ముంచుకున్న సంగతి కూడా చదివేశాను, ఆపుకోలేకపోయాను. అత్త చాలాసేపు నవ్వింది.

చెంబు, పళ్లెం తేవద్దు. ఇక్కడ పెద్ద గొడవైంది. "పెద్దమనిషి నా కాళ్లు ముట్టుడేంది, నేను షెడ్డుకు పారిపోత" అని ఆయన. "మీ మామ మొక్కు తీర్చుకోనీ" అని నేను. చివరికి అత్త తీర్పు చెప్పింది. "ఎవల ఇంటికి ఎవలొస్తున్నరు? ఇంటికొచ్చినోళ్లకు మన్నన జేసుడు ఇంటోళ్ల హక్కు. పంతులు కాళ్లకు నా కొడుకే నీళ్లిస్తడు. పంతులుకు గంత ఉబలాటముంటె, మనుమడో మనుమరాలో పుట్టినంక మనమందరం కోరుట్ల పోదాం, గప్పుడు ఆయన గుమ్మంల నా కొడుకు కాళ్లు కడుగుమను." దాని మీద అప్పీలు లేదు.

నోటుబుక్కు విషయంలో అనుమానం పెట్టుకోవద్దని ఆయన చెప్పమన్నాడు. "రాయకున్న వచ్చేటోళ్లు వస్తరు. గా మాట మామ రాసుకున్నందుకే మా అవ్వ పేరు పుస్తకంలకు ఎక్కింది" అన్నాడు. కొత్త పుస్తకం మొదటి పేజీలో ఆమె మాటే మళ్లీ రాసుకోమని ఆయన కోరిక. ఆ కాగితం వాళ్ల దగ్గర పోయినా మాట మా ఇంట్లోనే ఉంది, మళ్లీ చెబుతాం.

ఎడమచేత్తో ముడి వేయడం ఆయనకు ఇన్నాళ్లకు పట్టుబడింది. మొదటిరోజు ఒక ముడికి చెమటలు పట్టాయి, ఇప్పుడు పోగు తెగిన చోటు వెతికినా కనిపించదు. అదే చేత్తో రాయడం కూడా మొదలుపెట్టాడు. ఐదో తరగతి తర్వాత ఇప్పుడే పలక పట్టడం. ఈ కాగితం అడుగున నాలుగు వేళ్ల జాగా వదలమని నాకు గట్టిగా చెప్పాడు, ఏం రాస్తాడో చూడనివ్వలేదు. అక్షరాలు వంకరగా ఉంటాయి, దిద్దకండి.

మీ
ఇంద్ర

మామకు నర్సింగం మన్నన. పీట ఏసి పెట్టిన, రాండ్రి. నీళ్లు తాగినంకనే పేరడుగుత.